పింఛనుపేటకు ఒకే మోకు

జీవితంలోంచి 'వి' తీసేస్తే మిగిలేది జీతం. ఆ 'వి' విశ్రాంతిది. ఈ అర్థం ఏ నిఘంటువులోనూ దొరకదు. నా టీకొట్టులో పుట్టింది కాబట్టి దీన్ని టీకా తాత్పర్యం అనుకోండి.

ఒమాన్‌లో షినాస్‌కు ఉత్తరాన, సముద్రానికి వీపు ఆనించి కూర్చున్న వీధి ఒకటుంది. ఎనభై తొమ్మిదిలో ఆ వీధిలో సగం మందికి ఒట్టి విశ్రాంతే, మిగతా సగానికి ఒట్టి జీతమే. రెండూ కలిసిన నిండు జీవితం అక్కడి మేకలకు తప్ప ఎవరికీ లేదు.

విశ్రాంతి ఎవరిదంటే ఫౌజులో, పోలీసులో, కువైట్ నూనెబావుల దగ్గర పనిచేసి దిగిపోయిన ఒమానీ పెద్దలది. తలా ఒక ఇల్లు, ఇంటివెనక ఖర్జూరం తోట, తోటలో బావి, బావిమీద దడదడమనే డీజిల్ పంపు. కొడుకులు మస్కట్‌లో ఏసీ గదుల్లో ఉంటారు. రిటైరైన మనిషిని అరబ్బీలో ముతఖాయిద్ అంటారు. మన చెవికి అది ముతక ఖైదు. పొద్దున లేచి అరుగుమీద కూర్చోవడం, సాయంత్రం అదే అరుగుమీంచి లేవడం చూస్తే మన చెవే కరెక్టనిపిస్తుంది. మేం ఆ వీధికి పింఛనుపేట అని పేరు పెట్టుకున్నాం. పింఛం ఉన్న నెమలి తానే ఆడుతుంది, పింఛను ఉన్న పెద్దమనిషి పక్కవాణ్ణి ఆడిస్తాడు.

అయితే ఆడించడానికి పక్కవాడు మిగిలితే కదా! బండిలో అరగంట పోతే సరిహద్దు. అవతల ఎమిరేట్లు. అవతల కూలి ఇవతల కూలికి రెండింతలు. "కూలి పెంచని ఊరు కూలిపోతుంది షేబా" అని తెల్లగడ్డం కనపడ్డ ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. షేబా అంటే ముసలాయన, పెద్దాయన. నా చమత్కారం అరబ్బీలోకి దిగేది కాదు, వాళ్ల రియాలు జేబులోంచి పైకి వచ్చేది కాదు.

మొదట మంగలి బాబు మియా సోహార్ పట్నానికి పోయాడు. పెద్దల గడ్డాలు బొడ్లదాకా దిగాయి. తర్వాత లాండ్రీవాడు మాయమయ్యాడు. కాళ్లదాకా దిగే తెల్లటి దిష్‌దాషా అంగీలన్నీ పాలు తక్కువైన టీ రంగులోకి తిరిగాయి. రొట్టెల బట్టీలో ముగ్గురు చేసే పని భూమేశ్ ఒక్కడే చేసేవాడు. వాడి రొట్టె ఒక పక్కే మాడేది, వాడి కడుపు మాత్రం రెండు పక్కలా మాడేది.

నా సంగతి చెప్పలేదు కదూ. నా పేరు అబూబకర్, మాది కడప జిల్లా రాయచోటి. ముందు రెండక్షరాలు కోసేసి అందరూ నన్ను బకర్ భాయ్ అంటారు. టీ తాగి ఖాతాలో రాసుకోమనేవాళ్లు మాత్రం చివర్న దీర్ఘం తగిలించి బకరా అంటారు.

ఇక గంగన్న. జగిత్యాల దగ్గర పల్లె. గౌండ్లాయన. తాటిచెట్టు, ఈతచెట్టు ఎక్కి కల్లు గీసిన వంశం. మనిషికి ఈత రాదుగానీ ఈతచెట్టు బాగా వచ్చు. తోటపని అని వీసా మీదేసుకొని వస్తూ వస్తూ పెట్టెలో మోకు కూడా తెచ్చుకున్నాడు. మోకంటే నడుమునూ చెట్టునూ కలిపి వేసుకొని పైకి పాకే తాడు. బొంబాయి ఎయిర్‌పోర్టులో "ఇదెందుకు?" అని అడిగితే, "ఇది లేకుంటె కిందవడుత సారూ" అన్నాడట. విమానం ఎక్కేవాడి నోట ఆ మాట విని ఆఫీసరు పెట్టె మూసేశాడట. మోకు ఉన్నవాడు చెట్టెక్కుతాడు, లేనివాడు చెట్టుకు మొక్కుతాడు.

గంగన్న యజమాని హసన్, ఫౌజులో హవల్దారుగా చేసి దిగినవాడు. ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. మనవాళ్ల నోట్లో పడి అది అర బాబు అయింది. హసన్‌కు అది అతికినట్టు సరిపోయింది. సగం తండ్రిలాగే చూసుకునేవాడు, సగం జీతమే ఇచ్చేవాడు. జ్వరమొస్తే తన బండిలోనే ఆస్పత్రికి తీసుకుపోయేవాడు. జీతం మాటొస్తే మాత్రం ఆయనకే జ్వరం వచ్చేది. ఖర్జూరం కాదప్పా అది, ఖర్చుజ్వరం.

ఫిబ్రవరిలో ఒక పొద్దున టీ తీసుకొని హసన్ తోటకు పోతే గంగన్న చెట్టు తలమీద మోకులో వెనక్కి ఆనుకొని, పని ఆపి ఉత్తరం దిక్కు చూస్తున్నాడు.

"పైనుంచి ఏం కనపడతాందప్పా గంగన్నా?"

"గుట్టలు గనవడుతున్నయి బకర్ భాయ్. గుట్టల ఎన్క జీతం గనవడుతంది."

నా చేతిలో టీ చల్లబడింది. ఎందుకంటే ముందురోజే బట్టీ దగ్గర భూమేశ్ పిండి పిసుకుతూ నోరు జారాడు. భూమేశ్ గంగన్నకు బావమరిది, అతని భార్య యాదవ్వకు తమ్ముడు. వచ్చే గురువారం పొద్దుగూకాక ఒక పికప్ వస్తుందట. బావనూ బావమరిదినీ ఎక్కించుకొని వాగు దగ్గర దింపుతుందట. అక్కణ్ణుంచి గుట్టల్లో నడక. అవతల బిల్డింగు సైట్‌లో పని.

"దిగు, కిందికి దిగు ముందు" అన్నాను. దిగాడు. "పాస్‌పోర్టు మీ అర్బాబ్ దగ్గరుంది. కాగితం లేకుండా యాడికి పోతాండావు? పట్టుకుంటే జైలు. జైలునుంచి అటే విమానం. ఇంగ ఈ జన్మలో గల్ఫు మొహం చూడవు."

"ఎరుకే."

"ఎరికైతే మళ్లా?"

గంగన్న టీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకున్నాడు. "నేను పంపిన పైసలు ఒక దిక్కు, యాదవ్వ బీడీలు జేసిన పైసలు ఒక దిక్కు వెడితె బీడీలదే పెద్దగున్నది బకర్ భాయ్. నువ్వు ఆడున్నందుకు ఈడ మారిందేంది అని అడిగింది. కోపంగ అడగలె. ఊకెనే అడిగింది. గదే ఎక్కువ గుచ్చుకున్నది. గీడ గింతే జీతమైతె నేను వోత. హసన్ జర పెంచితె ఉంట. నాకు దొంగతొవ్వల వోవుడు ఇష్టమా?"

నాకు మాటలు తిప్పడం వచ్చుగానీ, ఈ మాటను ఎటు తిప్పినా నాకే గుచ్చుకుంది.

ఆ సాయంత్రమే హసన్ అరుగెక్కాను. ఆయనకు ఫౌజులో బలూచీల దగ్గర నేర్చిన ఉర్దూ ఉంది, నాకు రాయచోటి ఉర్దూ ఉంది. రెండూ కలిస్తే ఏ ఉర్దూ కాదుగానీ పని జరుగుతుంది.

"అర్బాబ్, గంగన్నకు జీతం పెంచండి. మంచి మనిషి. పోతే మళ్లా దొరకడు."

"బకర్, నా పింఛను ఒక్కటే. అందులో డీజిలు తాగే పంపుంది, గడ్డి తినే మేకలున్నాయి, ఫోన్‌లో డబ్బులడిగే కొడుకున్నాడు. అసలు నా చెట్లెన్ని? ఒక మనిషికి సగం రోజు పని. మిగతా సగం రోజు నీ కొట్టులో కూర్చొని నీ జోకులు వింటాడు. దానికి కూడా నేనే జీతమివ్వాలా?"

"అయితే పక్కతోట ఖల్ఫాన్‌కు మనిషి లేడు కదా. ఇద్దరూ కలిసి..."

హసన్ కాఫీ గిన్నె కింద పెట్టాడు. "ఆ పేరు నా కాఫీ ముందు అనొద్దు."

ఆ కథ వీధిలో అందరికీ తెలుసు. హసన్, ఖల్ఫాన్ ఒకే పటాలంలో పనిచేశారు, ఒకే ఏడాది దిగారు, పక్కపక్కన ఇళ్లు కట్టారు. ఎనిమిదేళ్ల కిందట ఖల్ఫాన్ కొత్త పంపు పెట్టాడు. దాని చప్పుడుకు హసన్ మధ్యాహ్నపు కునుకు చెడింది. హసన్ ఇంకా పెద్ద పంపు తెచ్చి పెట్టాడు. ఆ రోజునుంచి ఇద్దరికీ కునుకూ లేదు, పలుకూ లేదు. పంపుల పగ పంపకాలదాకా పోయింది. ఎలాగంటే, ఖర్జూరంలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మగపూత పోచలు తెచ్చి ఆడపూత మధ్యలో మనిషే కట్టాలి, లేకపోతే కాయ నిలవదు. ఆ చుట్టుపక్కల మంచి మగచెట్టు ఒక్కటే, అదీ హసన్ తోటలో ఉంది. పూర్వం అందరికీ ఊరికే ఇచ్చేవాడు. పగ పుట్టాక గోడ దాటనివ్వలేదు. మిగతావాళ్లు బయటి ఊళ్లనుంచి పూత తెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు దాటించినా లాభం లేదు, కట్టడానికి చెట్టెక్కే మనిషి ఇంకే తోటలోనూ లేడు. ఆ వీధిలో రెండేళ్లుగా సగం చెట్లు గొడ్డుపోయి నిలబడ్డాయి.

నేను చేతులూపుకుంటూ తిరిగొచ్చాను. భూమేశ్ సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మంగళవారం హసన్ తన మగచెట్టు పూత కోయించి, పోచలు బుట్టలో పోయించి, "మన చెట్లకు కట్టెయ్" అని గంగన్నకు చెప్పి, బండేసుకొని షినాస్ సంతకు పోయాడు.

అదే తప్పయింది. 'మన చెట్లు' అంటే ఏవో చెప్పి ఉండాల్సింది.

జగిత్యాల దిక్కు గౌండ్లాయనకు చెట్లుంటాయిగానీ పొలముండదు. చెట్టు ఒడ్డుమీదుంటే ఆ ఒడ్డు ఎవరిదని అడగడు. పెద్దరెడ్డి చెలకలో రెండు, పటేలు గట్టున మూడు, వాగు పక్కన సర్కారుది ఒకటి. మోకు భుజానేసుకొని వరసన ఎక్కుకుంటూ పోవడమే. చెట్టు నుంచి చెట్టుకు దారుంటుంది, మధ్యలో ఎవడి గెట్టైనా ఉండనీ. పుట్టినప్పటినుంచి అలా నడిచిన కాళ్లకు పింఛనుపేటలో గోడ అడ్డమొచ్చినా గెట్టులాగే కనపడింది. హసన్ చెట్లు అయిపోయాయి. బుట్టలో పోచలు మిగిలాయి. గోడవతల పూత విచ్చుకొని చెట్టు పిలిచినట్టుంది. గంగన్న గోడ దూకాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఖల్ఫాన్ తోట సగమైంది. దాని పక్కన పెద్దషేబా తోట కూడా అయింది. పెద్దషేబా అంటే ఆ వీధికంతటికీ పెద్ద, చూపు మందగించిన ముసలాయన. ఆయన చెట్లను ఎవరూ ఎక్కక రెండేళ్లయింది. గంగన్న మళ్లీ ఖల్ఫాన్ తోటకు వచ్చి మిగిలిన సగం మొదలుపెట్టాడు. అప్పుడే ఖల్ఫాన్ నమాజు నుంచి తిరిగొచ్చి తల పైకెత్తాడు. తన చెట్టు నెత్తిన లుంగీ ఎగ్గట్టిన మనిషి, నడుమున కత్తి.

"హరామీ! దిగరా!"

ఆ కేకకు మేకలు కూడా కట్టు తెంచుకున్నాయి. అదే క్షణంలో హసన్ బండి వచ్చి ఆగింది. గోడమీంచి చూశాడు. తన మనిషి ఖల్ఫాన్ చెట్టుమీద, తన మగపూత ఖల్ఫాన్ గెలలో.

"నా పూత దొంగిలించడానికి నా మనిషినే కొన్నావా?" అని హసన్ గోడకు చెప్పాడు. ఖల్ఫాన్‌తో మాట్లాడడు కదా!

"నా తోట చెడగొట్టడానికి మనిషిని పంపిస్తావా?" అని ఖల్ఫాన్ చెట్టుకు చెప్పాడు.

పాపం, గంగన్న నడిమధ్య మోకులో వేలాడుతున్నాడు. దిగితే ఎటు దిగాలో తెలియదు.

అందరూ నా కొట్టు ముందుకే వచ్చారు. పంచాయితీకి చెట్టునీడ కావాలి, నా దగ్గర రేకులనీడ ఉంది. తెల్లగడ్డాలన్నీ బెంచీల మీద సర్దుకున్నాయి. హసన్ ఊగిపోతున్నాడు. "క్యాన్సిల్! ఖురూజ్! దేశంనుంచే బయటికి! రేపే వీసా కొట్టించి ఇంటికి పంపిస్తా!"

అనువాదం నా మెడకు పడింది. "గంగన్నా, ఏం చేసినావు నాయనా? చెప్పు, నేను చెప్తాండా వాళ్లకు."

"నేనేం జేసిన? వరుసల ఎక్కుకుంట వోయిన."

"అది వేరే వాళ్ల తోట కదప్పా!"

గంగన్న నిజంగానే బిత్తరపోయాడు. "తోట వేరెటోళ్లది. చెట్టు ఎక్కేటోడు నేనొక్కన్నే గదా ఈ వాడల? మా ఊళ్లె ఎవని పొలంల చెట్టయినా ఎక్కేటోడు ఒక్కడే ఉంటడు బకర్ భాయ్. బుట్టల పూత మిగిలింది. రేపటిదాంక ఉంటె మురిగిపోతది. నాకు యాదికే రాలె గోడ సంగతి."

నేను దాన్ని ఉర్దూ అరబ్బీ కలిపి అప్పజెప్పాను. ఖల్ఫాన్ గడ్డం గోక్కున్నాడు. ఆయనకు తిట్టడానికి నోరొస్తోందిగానీ కారణం దొరకడం లేదు. పోయింది ఏమీ లేదు మరి! ఆయన చెట్టుకు ఇంకొకడి పూత వచ్చి చేరింది, అంతే. దొంగ ఇంట్లోకి దూరి బంగారం పెట్టిపోయినట్టుంది. పోలీసులకు ఏమని రాసిస్తాడు?

అప్పుడు పెద్దషేబా కర్రతో నేలమీద కొట్టాడు. "నా చెట్లు ఎక్కిందెవరు?"

"ఇతనే పెద్దాయనా" అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ."

పెద్దషేబా గంగన్న చేయి తడిమి పట్టుకున్నాడు. అరచేతిలో మోకు కాయలు. కాసేపు ఆ కాయలమీదే వేలు తిప్పాడు. "రెండేళ్లయింది నా చెట్లమీద మనిషి చెయ్యి పడి" అన్నాడు. నేను అనువదించబోయాను. గంగన్నకు అనువాదం అవసరమే రాలేదు.

"వీడు నా వీసా మీద ఉన్నాడు" అన్నాడు హసన్, ఇంకా వేడి తగ్గక.

"చెట్లు అల్లా వీసా మీద ఉన్నాయి" అన్నాడు పెద్దషేబా. "ఒరేయ్ హసన్, ఈ పూత ఒక్క రోజుతో అయ్యేదా? రోజూ కొత్త గెల విచ్చుకుంటుంది, నెలంతా ఎక్కాలి. వీణ్ణి పంపేస్తే నువ్వెక్కుతావా? నీ మోకాళ్ల చప్పుడు నీ పంపు చప్పుడును మించిపోయింది."

అందరూ నవ్వారు, హసన్ తప్ప. అదను చూసి నేను నా మాట జారవిడిచాను. "ఉంచాలన్నా ఉండడు పెద్దాయనా. ఈ జీతానికి ఎవరుంటారు? మంగలి ఉన్నాడా? లాండ్రీ ఉందా?" పికప్ సంగతి మాత్రం మింగేశాను.

"ఏం కావాలి వీడికి?"

గంగన్న తల వంచుకొని, నేలకు చెబుతున్నట్టు అన్నాడు. "నెల జీతమని ఒక్కలు ఇయ్యలేరు, నాకెరుకే. మా దిక్కు చెట్టుకింత అని ఉంటది. ఎన్ని చెట్లుంటె అంత. వాడకట్టంత కలిసి ఇయ్యుర్రి, వాడకట్టంత ఎక్కుత."

నేను చెప్పగానే పెద్దషేబా మొహం వెలిగింది. "మా తండ్రుల కాలంలో ఇదే కదరా! ఎక్కినవాడికి చెట్టుకొక గెల ఇచ్చేవాళ్లం. జీతమనే మాట పింఛనుతో పాటు వచ్చింది." కర్ర గాల్లోకి లేచింది. "కాయ దిగేదాకా ప్రతి ఇల్లూ చెట్ల లెక్కన నెలకింత ఇవ్వాలి. కాయ దిగినప్పుడు చెట్టుకొక గెల వాడిది. గురువారం పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు తర్వాత మొదటి నెలది ఇక్కడే తెచ్చివ్వండి. అందరిముందు."

గడ్డాలన్నీ ఊగాయి. హసన్ గడ్డం కూడా కొంచెం ఊగింది, తన ఖర్చు తగ్గుతోందని అర్థమయ్యాక. ఖల్ఫాన్ గడ్డం ఊగలేదు. లేచి వెళ్లిపోయాడు. ఆ వీధిలో అందరికంటే ఎక్కువ చెట్లు ఆయనవే. ఆయన వాటా లేకపోతే మిగతాదంతా కలిపినా గంగన్న పాత జీతానికి కొసరు పెట్టినట్టే అవుతుంది.

రెండు రోజులు భూమేశ్ నోటికి మూతపడలేదు. "పండ్ల గెల జూపి కోతిని ఆపినట్టు ఆపుతుండ్రు బావా. మాటలకేం, గడ్డం పొడుగున్నోనికి మాట పొడుగే. గురువారం బండి ఆగదు మల్ల."

"సంచి సదురుకున్న గదరా" అన్నాడు గంగన్న. సర్దుకున్నాడు నిజమే. బట్టల అడుగున మోకు కూడా పెట్టాడు. అవతల ఎత్తు బిల్డింగులెక్కేందుకు పనికొస్తుందనుకున్నాడో, వదిలిపెట్టబుద్ధి కాలేదో.

గురువారం పొద్దుగూకింది. నేను పాలపొడి డబ్బా ఒకటి కడిగి, తుడిచి, బల్లమీద పెట్టాను. నమాజు నుంచి ఒక్కొక్కరే వచ్చి డబ్బాలో వేశారు. పెద్దషేబా మొదట. హసన్ రెండోవాడు. మిగతా గడ్డాలు వరసగా వచ్చాయి. గంగన్న మూలన బెంచీమీద, కాళ్ల దగ్గర సంచి, పక్కన భూమేశ్. గంగన్న డబ్బావైపు చూడడు, రోడ్డువైపు చూడడు. తన అరచేతుల్నే చూసుకుంటున్నాడు.

రోడ్డుమీద పికప్ వచ్చి ఆగింది. దీపాలు ఆర్పలేదు. హారన్ ఒకసారి మోగింది.

"బావా" అన్నాడు భూమేశ్ లేస్తూ.

"ఆగు" అన్నాను నేను.

అప్పుడొచ్చాడు ఖల్ఫాన్. చేయి పిడికిలి బిగించి ఉంది. డబ్బామీదికి పిడికిలి తెచ్చాడు, అక్కడే ఆపాడు. పికప్ మళ్లీ హారన్ కొట్టింది.

"ఎనిమిదేళ్లయింది" అన్నాడు ఖల్ఫాన్ డబ్బాతో. "పక్కింటివాడు నాకు సలాం చెప్పి. సలాం లేనిచోట నా చెయ్యి తెరుచుకోదు."

తలలన్నీ హసన్ వైపు తిరిగాయి. హసన్ మొహం వాళ్ల పటాలం జెండాకర్రలా బిగుసుకుపోయింది. గంగన్న ఏదీ అర్థంకాక నావైపు చూశాడు. ఏం చెప్పను? నాయనా, నీ బతుకు ఇప్పుడు రెండు డీజిల్ పంపుల మధ్య ఇరుక్కుందని చెప్పనా?

పికప్ ఇంజిన్ గర్రుమంది. గంగన్న సంచి పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. హసన్ అది చూశాడు. ముసలాయన గొంతు సవరించుకున్నాడు, గట్టిగా, పరేడ్ మైదానంలోలాగా.

"అస్సలాము అలైకుం."

"ఎవరికి?" అన్నాడు ఖల్ఫాన్.

"డబ్బాకు" అన్నాడు హసన్.

బెంచీలన్నీ పకపకమన్నాయి. ఖల్ఫాన్‌కు కోపమొచ్చింది, నవ్వు కూడా వచ్చింది. రెండూ ఒకే గడ్డంలో పట్టక గడ్డం వణికింది. "డబ్బా జవాబు చెప్పదు" అన్నాడు.

పెద్దషేబా కర్ర నేలకు తగిలింది. "సలాంకు జవాబు చెప్పకపోవడం పాపం. డబ్బామీద చెయ్యి ఎవడిదుందో వాడే చెప్పాలి."

ఖల్ఫాన్ పిడికిలివైపు చూసుకున్నాడు. ఇక తప్పించుకునే దారి లేదు. దీన్, అంటే మతం వైపునుంచి పెద్దషేబా, దునియా వైపునుంచి పికప్. "వ అలైకుం అస్సలాం" అని గడ్డంలోనే గొణిగాడు. గొణుగుతూనే పిడికిలి విప్పాడు. డబ్బాలోకి నోట్లు దిగాయి. ఆ వీధిలో ఎనిమిదేళ్లుగా నేను విన్న చప్పుళ్లలో అది అన్నిటికన్నా చిన్నది.

డబ్బా తీసుకెళ్లి గంగన్న ఒళ్లో పెట్టాను. "అవతలి జీతమంత లేదప్పా, అబద్ధం చెప్పను. ఇవతలి జీతం కంటే బాగానే ఎక్కువ. నడుమ గీతమీద నిలబడ్డట్టుంది."

గంగన్న డబ్బాలోకి చూశాడు. తర్వాత సంచి విప్పి, బట్టల కిందనుంచి మోకు లాగి భుజాన వేసుకున్నాడు. "గీతమీద బతుకుడు నాకు అలవాటే గద బకర్ భాయ్. గౌండ్లోన్ని. పొద్దుగాల ఖల్ఫాన్ షేబా తోటల మొదలువెడ్త. ఆయిన చెట్లే సగం మిగిలినయి. పూత ఇచ్చుకున్నది."

"పిచ్చోనివి బావా నువ్వు!" భూమేశ్ సంచి ఎత్తుకొని పరుగున పోయి పికప్ వెనక ఎక్కాడు. దీపాలు కదిలాయి. గంగన్న గుమ్మందాకా పోయి నిలబడ్డాడు, పిలవలేదు. పిలిచినా ఇంజిన్ చప్పుడులో వినపడేది కాదు.

వీధి మలుపు దగ్గర ఎర్రదీపాలు ఆగాయి. ముందు ఒక సంచి కిందపడింది. తర్వాత ఒక మనిషి.

భూమేశ్ దుమ్ము దులుపుకుంటూ నడిచొచ్చాడు. "జాగ లేదు బావా ఆ బండ్ల. మనుషుల మీద మనుషులను వేసిండు బియ్యం బస్తాల లెక్క" అన్నాడు. వాడికి రెండు గ్లాసుల టీ పోశాను, డబ్బులు తీసుకోలేదు. నా జీవితంలో నేను బకరా కావడానికి సంతోషపడ్డది ఆ ఒక్కసారే.

ఆ వేసవికి పింఛనుపేట స్వర్గమైపోయిందని చెప్పను. డీజిలు ధర తగ్గలేదు, అవతలి జీతాలూ తగ్గలేదు. గంగన్న రోజంతా ఎక్కీ దిగీ తొడలు కమిలించుకున్నాడు. రెండో నెల ఒకాయన డబ్బా సంగతి మరిచిపోయినట్టు నటించాడు. పెద్దషేబా కర్ర ఆయన తలుపు తట్టి వచ్చింది. కానీ డబ్బా కొట్లోనే ఉండిపోయింది, దాని పక్కన రొట్టెలబట్టీకని ఇంకో డబ్బా పుట్టింది. భూమేశ్‌కు తోడుగా ఇంకొక మనిషి వచ్చాడు. రొట్టె ఇప్పుడు రెండు పక్కలా కాలుతోంది. ఆ కబురు సోహార్ దాకా పోయి, ఒకరోజు బాబు మియా కత్తెర పట్టుకొని దిగాడు. గడ్డాలు మళ్లీ గుండెలదాకా వచ్చాయి. పెద్దల గుండెలు గడ్డాల కిందనుంచి బయటపడ్డాయని నేనన్నాను. ఎవరూ నవ్వలేదు, నేనే నవ్వుకున్నాను.

హసన్, ఖల్ఫాన్ మాట్లాడుకుంటున్నారు. పోట్లాడుకోవడానికే అనుకోండి. కానీ గోడతోనో చెట్టుతోనో కాదు, ఎదురెదురుగానే.

జులైలో కాయ దిగింది. పసుపు, ఎరుపు గెలలు. చెట్టుకొక గెల చొప్పున నా రేకుల కింద గంగన్న గుట్ట పోశాడు. షినాస్ సంతకు తీసుకుపోవడానికి హసన్ బండి, ఖల్ఫాన్ బండి రెండూ వచ్చి వరసలో నిలబడ్డాయి, ఎవరి బండి ముందని గొడవపడుతూ.

చివరి చెట్టు ఖల్ఫాన్‌ది. కింద నిలబడి ఆయన చేయి ఊపుతున్నాడు. "వాడి గెల అది కాదు, ఆ పక్కది! ఆ చిన్నది!"

గోడమీంచి హసన్ అరిచాడు. "పిసినారీ, పెద్దది ఇవ్వరా! నా పూతే కదా అది!"

"నీ పూత, నా చెట్టు!"

గంగన్న పైన మోకులో వెనక్కి ఆనుకొని ఇద్దరి కేకలూ వింటూ నవ్వుతున్నాడు. నేను టీ గ్లాసు పట్టుకొని మెడ పైకెత్తాను. ఫిబ్రవరిలో అడిగిన మాటే నోటికొచ్చింది.

"పైనుంచి ఏం కనపడతాందప్పా గంగన్నా?"

ఉత్తరం దిక్కు తల తిప్పాడు. గెలలు పక్కకు నెట్టి చూడబోయాడు, మళ్లీ వదిలేశాడు.

"ఏం గనవడుతలేదు బకర్ భాయ్. కాయలడ్డమున్నయి."